దానికేం గుర్తుంటాది లేప్పా!

మా హిందూపురం వైపు ఒక మాట ఉంది. దాన్ని మాట అనడం కన్నా మందు అనడం మేలు. మనసులో ఎక్కడన్నా ముల్లు గుచ్చుకుంటే దీన్ని కాస్త పూసుకుంటే చాలు, నొప్పి దిగిపోతుంది. "దానికేం గుర్తుంటాది లేప్పా!" - ఇదీ ఆ మాట. మా అనంతపురం జిల్లాలో ఈ భాగం కాస్తా 2022లో శ్రీ సత్యసాయి జిల్లా అయింది గాని, ఈ మాట వాడకంలో మాత్రం ఏ మార్పూ రాలేదు.

దూడను సంతకు తోలుతారు. తల్లి ఆవు రెండు రాత్రులు అరుస్తుంది. ఇల్లాలు కొంగుతో కళ్లొత్తుకుంటే, డబ్బు లెక్కపెట్టుకుంటున్న పెద్దమనిషి తలెత్తకుండా ఈ మాటే అంటాడు. చంటిపిల్లకు చెవులు కుట్టించేటప్పుడు అది గుక్కపట్టి ఏడుస్తుంటే, చుట్టూ చేరిన పెద్దలు చేతిలో చక్కెర పట్టుకుని నవ్వుతూ ఇదే మాట అంటారు. పాలగిన్నెలో మూతిపెట్టిన పిల్లిని గోతాంలో కట్టి సైకిలు మీద పెన్నేటి అవతల వదిలివచ్చేవాళ్లదీ ఇదే మాట. అయితే పిల్లి విషయంలో మందు ఒక్కోసారి వికటిస్తుంది. మూడోరోజు పొద్దున అదే పిల్లి అదే పొయ్యిగట్టు మీద కూర్చుని, మనవైపు చూడకుండా ఒళ్లు నాక్కుంటూ ఉంటుంది. చూడకపోవడంలోనే అది చెప్పదలచుకున్నదంతా ఉంటుంది.

ఇంతకీ నా సందేహం ఇది. గుర్తు లేకపోతే బాధ లేనట్టేనా? జ్ఞాపకం చెరిగిపోతే, జరిగిన పని కూడా జరగనట్టేనా? చూడగానే ఇది వేదాంతులు పంచుకోవలసిన ఆస్తిలాగా కనిపిస్తుంది. కాని చిత్రం ఏమిటంటే, దీనికి ఉన్నంతలో సరైన జవాబు చెప్పినవి ఎలుకలు. అవీ మామూలు ఎలుకలు కావు, మెదడులో జ్ఞాపకం ఉండే చోట దెబ్బతిన్న ఎలుకలు. దెబ్బ కొట్టినవాళ్లం మనమే.

ఈ కథ మొదట్లో పెద్ద తికమక. అమెరికాలో కార్ల్ లాష్లీ అనే ఆయన ఎలుకకు ఒక చిక్కుదారి నేర్పేవాడు. అది తప్పుల్లేకుండా నడిచాక మెదడు పైపొరలో ఒక ముక్క తీసేసి, మళ్లీ దారిలో వదిలేవాడు. పాఠం ఏ మూల దాక్కుందో ఆయనకు కావాలి. ముక్క ఎక్కడ తీశాడన్నది కాదు, ఎంత తీశాడన్నదే లెక్కకు వస్తోందని 1929లో పుస్తకం వేశాడు. 1950లో వెనక్కి తిరిగి చూసుకుని, ఈ సాక్ష్యమంతా చూస్తే నేర్చుకోవడం అనేదే అసాధ్యమేమో అన్న ధోరణిలో నిట్టూర్చాడు. తాళంచెవి కోసం ఇల్లంతా వెతికినవాడు చివరికి ఆ ఇంటికసలు తాళమే లేదేమో అనుకున్నట్టన్నమాట.

తాళంచెవి దొరికింది ఎలుకలో కాదు, మనిషిలో. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మొలైసన్ అనే ఇరవయ్యేడేళ్ల యువకుడికి మూర్ఛలు తగ్గడానికి ఆపరేషన్ చేశారు. రెండు కణతల లోపల, ఒక్కోవైపు ఒక్కటి చొప్పున, సముద్రపు గుర్రం అనే చేప ఆకారంలో వంపు తిరిగిన భాగం ఒకటి ఉంటుంది. దాని పేరు హిప్పోకాంపస్. దాన్ని, దాని చుట్టుపక్కల కొంత భాగాన్ని రెండువైపులా తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని అతనికి ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ నిలవలేదు. ఇప్పుడు మాట్లాడి బయటికి వెళ్లి వచ్చిన డాక్టరు అతనికి మళ్లీ కొత్తమనిషే. 2008లో పోయేదాకా, అంటే యాభై అయిదేళ్లు, అలాగే బతికాడు. అయితే బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయిస్తే, రోజురోజుకీ చెయ్యి కుదిరింది. చెయ్యి నేర్చుకుంది. అతను మాత్రం ప్రతిరోజూ ఈ పని తానెన్నడూ చేయలేదనే అన్నాడు.

ఇక ఎలుకల వంతు మళ్లీ వచ్చింది. అదే భాగాన్ని వాటిలో దెబ్బతీసి చూశారు. 1982లో రిచర్డ్ మోరిస్, ఆయన తోటివాళ్లు ప్రకటించిన ప్రయోగం తెలిసినవాళ్లకు తొట్టెలో ఎలుక అనగానే గుర్తొస్తుంది. పెద్ద గుండ్రటి తొట్టెలో నీళ్లు పోసి, పాలు కలిపి మసక చేశారు. అడుగు కనబడదు. నీటిమట్టానికి కాస్త కిందుగా ఒక చిన్న దిమ్మె దాచారు. మామూలు ఎలుక నాలుగైదుసార్లు ఈదాక, గది గోడలవైపు చూసుకుని, ఏ పక్కనుంచి వదిలినా నేరుగా దిమ్మె దగ్గరికే పోతుంది. హిప్పోకాంపస్ లేని ఎలుక తొట్టెంతా తిరుగుతూనే ఉంటుంది. అదే దిమ్మెను నీటిపైకి కనబడేలా పెడితే మాత్రం అదీ చక్కగా ఈదిపోతుంది. కళ్లున్నాయి, కాళ్లున్నాయి, ఒడ్డు చేరాలన్న ఆత్రం ఉంది. లేనిదల్లా లోకం మొత్తాన్ని ఒక పటంలాగా మనసులో పరుచుకునే శక్తి.

ఇది పుస్తకం చూడకుండా అర్థం కావాలంటే పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో బండి తోలిన పాతవాళ్లను అడగాలి. సంత నుంచి వచ్చేటప్పుడు బండివాడు నిద్రపోయినా ఎద్దులు ఇంటిముందరే ఆగేవని వాళ్లు గొప్పగా చెబుతారు. నిజమే. చింతచెట్టు దగ్గర ఎడమకు, మోరీ దాటాక కుడికి - ఇది కాళ్లకు తెలిసిన దారి. కాని వానకు మోరీ కొట్టుకుపోతే? కాళ్లకు మాత్రమే దారి తెలిసిన ఎద్దు అక్కడే నిలబడిపోతుంది. బండివాడు లేచి కళ్లు నులుముకుని, ఎదురుగా పెనుకొండ కోట కొండ ఏ పక్కన ఉందో చూసుకుని, చేలగట్ల మీదుగా కొత్త దారి పట్టిస్తాడు. (1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరపు రాచకుటుంబం కూడా ఆ కొండనే గురుతు పెట్టుకుని వచ్చింది. అది వేరే కథ.) మన తలలో ఎద్దూ ఉంది, బండివాడూ ఉన్నాడు. దెబ్బ తగిలింది బండివాడికి.

ఇంకా తమాషా ఏమిటంటే, బండివాడు పోతే కొన్ని పాఠాలు ఎద్దుకు ఇంకా బాగా వస్తాయి. దీపం వెలిగిన సందులోకి పోతే తిండి అన్న మొరటు పాఠాన్ని హిప్పోకాంపస్ దెబ్బతిన్న ఎలుకలు మామూలు ఎలుకల కన్నా బాగా నేర్చుకున్నాయని 1989లో తేలింది. మధ్యలో బండివాడు లేచి సలహాలివ్వడం లేదు కాబట్టి.

ఇంతదాకా ఇది తెలివికి సంబంధించిన విషయం. మన సందేహం బాధ గురించి కదా. అక్కడికి తీసుకుపోయేది 1992లో వచ్చిన రెండు పరిశోధనలు. ఒకటి జోసెఫ్ లెడూ బృందానిది, ఒకటి మైకేల్ ఫాన్సెలో బృందానిది. ఎలుకను ఒక పెట్టెలో పెడతారు. ఒక మోత వినిపిస్తుంది, వెంటనే పాదాలకు చిన్న కరెంటు దెబ్బ. కొన్నిసార్లకే ఎలుక రెండు సంగతులు నేర్చుకుంటుంది: ఈ పెట్టె చెడ్డది, ఈ మోత చెడ్డది. ఏది ఎదురైనా కొయ్యబారిపోతుంది. మర్నాడు దాని హిప్పోకాంపస్‌ను దెబ్బతీశారు. కోలుకున్నాక పెట్టెలో పెడితే నిశ్చింతగా తిరిగింది. ఎక్కడ ఏం జరిగిందో పూర్తిగా మరిచిపోయింది. సరే, మనవాళ్ల మాటే గెలిచింది, దానికేం గుర్తుంటాది అనుకునేలోపల మోత వినిపించారు. ఎలుక ఎప్పటిలాగే కొయ్యబారిపోయింది.

ఎక్కడ జరిగిందో పోయింది, ఎప్పుడు జరిగిందో పోయింది, భయం మాత్రం ఉండిపోయింది. ఎందుకంటే భయం కాపురముండే ఇల్లు వేరు. హిప్పోకాంపస్ పక్కనే బాదంపప్పు ఆకారంలో ఉండే అమిగ్డలా అన్న భాగం అది. దాన్ని దెబ్బతీస్తే పెట్టె భయం, మోత భయం రెండూ పోతాయి. ఫాన్సెలో వాళ్లు ఇంకొకటి కూడా చూశారు. మర్నాడు కాకుండా ఇరవై ఎనిమిది రోజులు ఆగి హిప్పోకాంపస్‌ను దెబ్బతీస్తే, పెట్టె భయం కూడా పోలేదు. ఆలోపల ఆ జ్ఞాపకం వేరే చోటికి మకాం మార్చుకుందన్నమాట.

మనుషుల్లో దీని అన్న లాంటి సంగతి ఒకటి 1911లోనే బయటపడింది. జెనీవాలో క్లాపరేడ్ అనే డాక్టరు, కొత్త జ్ఞాపకాలు నిలవని ఒకావిడకు షేక్‌హ్యాండ్ ఇస్తూ వేళ్లమధ్య దాచిన గుండుసూదితో గుచ్చాడు. కాసేపటికి ఆమె అది మరిచిపోయింది. మళ్లీ చెయ్యి చాస్తే మాత్రం తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎందుకమ్మా అంటే తగిన కారణం చెప్పలేకపోయింది. ఆయన కనిపెట్టింది గొప్ప సంగతే, కాదనను. కాని ఆ సూది చేతిలోకి తీసుకునేటప్పుడు ఆయన మనసులో ఫ్రెంచి భాషలో ఏ మాట మెదిలి ఉంటుందో ఊహించడం మన హిందూపురం వాళ్లకు కష్టం కాదు.

పెళ్లిచీరల కోసం నేను ధర్మవరంలో తరచూ పోయే ఒక మగ్గాల ఇల్లుంది. ఆ ఇంటి పెద్దావిడకు ఎనభై దాటాయి. కోడలి పేరు తెలీదు, కొడుకుల్లో ఎవరు పెద్దో తెలీదు. కాని రాట్నం ముందర కూర్చోబెడితే కండెలు చుడుతుంది. పట్టుపోగు తెగితే, కంటికి ఆనని ఆ రెండు కొసల్ని వేళ్లమధ్య నలిపి ముడివేస్తుంది. మొలైసన్ నక్షత్రం లాంటిదే ఈ ముడి. ఇక్కడిదాకా బాగానే ఉంది. పొద్దుగూకే వేళకు ఆవిడ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆయప్ప బువ్వ తిన్న్యాడా?"

ఆయప్ప పోయి తొమ్మిదేళ్లయింది. పెద్దకొడుకు అబద్ధం చెప్పని మనిషి. "నాయన చచ్చిపోయినాడు కదమ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఆవిడకు అది ప్రతిసారీ కొత్తవార్తే. ప్రతిసారీ ఆ క్షణానే తాళి తెగినట్టు ఏడ్చేది. చిన్నకొడుకు లోపల్నుంచి, "ఇంగొక అరగంట పోనీ, ఆయమ్మకేం గుర్తుంటాది లే" అనేవాడు. అతను చెప్పినట్టే అరగంటకు మరిచిపోయేది. అయితే ఇంట్లో ఉండి చూసే కోడలు ఇంకో సంగతి పట్టుకుంది. ఏడ్చిన రోజు రాత్రి ఆవిడ ముద్ద ముట్టదు. ఎందుకు తినవత్తా అంటే ఏమో అంటుంది. మర్నాడు పొద్దున రాట్నం దగ్గర పోగులు మామూలు కన్నా ఎక్కువ తెగుతాయి.

ఆ కోడలు చదివింది ఏడో తరగతి. ఆమె పోగుల్లో చూసినదాన్నే 2010లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్ష పెట్టి చూశారు. హిప్పోకాంపస్ దెబ్బతిన్న కొందరికి దుఃఖం కలిగించే సినిమా ముక్కలు చూపించారు. కొద్దిసేపటికి సినిమా సంగతి వాళ్ల మనసులో దాదాపు చెరిగిపోయింది. దిగులు మాత్రం చెరగలేదు. కారణం తెలిసిన దిగులుకు కనీసం సమాధానం చెప్పుకోవచ్చు. కారణం పోయి దిగులొక్కటే మిగిలితే, దాన్ని ఎవరితో చెప్పుకోవాలి?

నిజం చెబితే ఏడుపు, అబద్ధం చెబితే పాపం. కోడలు ఈ రెంటినీ పక్కకు నెట్టింది. "ఆయప్ప బువ్వ తిన్న్యాడా" అంటే, "మామకు ఏం జేస్తే ఇష్టమత్తా?" అని ఎదురు అడుగుతుంది. ముసలావిడ రాగిసంగటి దగ్గర మొదలుపెట్టి ఊరిబిండి దాకా చెప్పుకొస్తుంది. ఆ రాత్రి తింటుంది. సత్యం గురించి పెద్దపెద్ద గ్రంథాలు రాసినవాళ్లకు ఈ మూడో దారి తట్టిందో లేదో గాని, నాకు మాత్రం ఇందులో అబద్ధం కనబడలేదు.

పట్టు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో గంపలకొద్దీ తెల్లగా, పచ్చగా గూళ్లు పోసి ఉంటాయి. లోపల పురుగు పురుగుగా లేదు, ఇంకా సీతాకోకా కాలేదు. దాని మెదడుతో సహా ఒళ్లంతా మళ్లీ కొత్తగా కట్టుకుంటోంది. దానికి పాత సంగతులేం గుర్తుంటాయి అని మనమే కాదు, చదువుకున్నవాళ్లూ అనుకున్నారు. 2008లో అమెరికాలో పొగాకు ఆకు తినే పురుగుల మీద ప్రయోగం చేశారు. పట్టుపురుగుకు దూరపు చుట్టం అది. ఒక వాసన చూపించి చిన్న కరెంటు దెబ్బ కొట్టారు. మన రైతుల లెక్కలో చెప్పాలంటే, నాలుగో జ్వరం లేచాక పాఠం నేర్చిన పురుగుల్లో చాలా భాగం, రెక్కలొచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా తొలగిపోయాయి. ఇంకా చిన్నప్పుడు నేర్చినవి మాత్రం మరిచిపోయాయి. గూళ్లను వేణ్ణీళ్లలో వేయకుండా పట్టు రాదు, ధర్మవరం చీర లేదు. చీర కట్టొద్దని నేననను, మా ఇంట్లో అనే ధైర్యమూ లేదు. గంప ముందర నిలబడి ఆ మాట అనడం మాత్రం మానేశాను.

ఇక అసలు లెక్క. మా ఊరివాళ్లకు తల తిరిగినా, మతి తప్పినా దారి ఒకటే. ఫైలు చంకన పెట్టుకుని బెంగుళూరు రైలెక్కి నిమ్హాన్స్‌కు పోవడం. 1974లో ఏర్పడ్డ ఆ సంస్థలో రోగుల గదులే కాదు, పరిశోధన గదులూ ఉన్నాయి. అక్కడివాళ్లు ఎలుకల్లో సుబిక్యులం అనే భాగాన్ని దెబ్బతీసి చూశారు. హిప్పోకాంపస్ నుంచి కబుర్లు బయటికి పోయే వాకిలి లాంటిది అది. చదువు దెబ్బతినడమే కాదు, దెబ్బ తగలని హిప్పోకాంపస్‌లో కూడా కణాలు చచ్చిపోతున్నాయని 2003లో ప్రకటించారు. వాకిలి కూలితే నట్టిల్లు పాడుబడినట్టు. 2007లో అదే సంస్థ నుంచి ఇంకో మాట వచ్చింది. అలా దెబ్బతిన్న ఎలుకల్ని ఒంటరి బోనుల్లో కాకుండా, తోటి ఎలుకలతో, ఎక్కి దిగడానికీ ఆడుకోవడానికీ రకరకాల వస్తువులున్న చోట ఉంచితే దారి నేర్చుకునే శక్తి మెరుగుపడింది. హిప్పోకాంపస్‌లో కణాలూ ఒత్తుగా కనబడ్డాయి.

ధర్మవరం ఆవిడను చూసిన డాక్టరు, మందు రాసిస్తూనే, రాట్నం మాన్పించొద్దు, ఒంటరిగా కూర్చోబెట్టొద్దు అన్నాడట. ఆ సలహా వెనకాల లోకంలోని ఇలాంటి ఎలుకలన్నీ ఉన్నాయి.

మరి వాటి బాకీ సంగతి? నాట్యానికి పేరుపడ్డ రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో మూగజీవాల కోసం బిల్లు తెచ్చారు. దానివల్లనే తర్వాత 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ప్రయోగాలు చేయవచ్చునని ఒప్పుకుంటూనే ఆ చట్టం కొన్ని కట్టుబాట్లు పెట్టింది. కోసే పని ఉంటే సాధ్యమైనంతవరకు మత్తు ఇవ్వాలి. కేవలం చెయ్యి తిరగడానికి ప్రాణుల్ని కోయకూడదు. చిన్న జంతువుతో పనయ్యేచోట పెద్ద జంతువును వాడకూడదు. ఆ చిన్నవాటి జాబితాలో కుందేలు, కప్పలతోపాటు ఎలుకా ఉంది. మంచి చట్టమే. కాని ఆ చివరి కట్టుబాటు చదివినప్పుడల్లా నాకు మా ఊరి మాట సన్నగా వినిపిస్తుంది.

ఎలుక మెదడు మన మెదడు లాంటిదే కాబట్టి ఈ ప్రయోగం మనకు పనికొస్తుంది అంటాం. ఎలుక మనలాంటిది కాదు కాబట్టి ప్రయోగంలో తప్పులేదు అంటాం. రెండూ ఒక్క నోటితోనే అంటాం. జ్ఞాపకాన్ని దెబ్బతీసే ప్రయోగంలోనైతే ఇంకో మెలిక కూడా ఉంది. గుర్తుంచుకునే చోటును మనమే పాడుచేసి, దానికి గుర్తుండదు కదా అని మనమే ఊరట పొందడం, దీపం ఆర్పినవాడే చీకట్లో నాకేమీ కనబడలేదని సాక్ష్యం చెప్పినట్టుంటుంది. పైగా ఆ ఊరట తప్పని తేల్చింది కూడా ఆ ఎలుకలే, మోత వినగానే కొయ్యబారిపోయి.

ప్రయోగాలు మానెయ్యమని నేననలేను. నిమ్హాన్స్ వరండాలో బెంచీ మీద కూర్చున్న కొడుకుల్ని, కోడళ్లను చూసినవాడెవడూ అంత సులభంగా అనలేడు. చేసేవాళ్లు ఊరికే చేస్తారనీ అనను. తెలిసిపోయినదాన్ని మళ్లీ తెలుసుకోవడానికి ఒక్క ఎలుకైనా ఎక్కువ ఖర్చు కాకూడదు అని మాత్రం అంటాను. చేసినదాన్ని బాధ అనే పేరుతోనే రాసుకోవాలి అంటాను.

మొన్న ధర్మవరం పోయినప్పుడు ఆ కోడలికి ఇదంతా చెప్పాను. తొట్టెలో ఎలుక దగ్గర నవ్వింది. ఆటవస్తువుల దగ్గర, "మా యత్తకు రాట్నం మాదిరి" అంది. కాసేపు పోగు చూసుకుంటూ ఉండి, "అవి బాగుపడినాయంటివి కదన్నా, మళ్ల వాటిని ఏం జేసినారు?" అని అడిగింది.

మెదడులో కణాలు లెక్కపెట్టాలంటే ఎలుక బతికి ఉండగా కుదరదని చెప్పాను.

ఆమె గబుక్కున రాట్నం వైపు చూసింది. ముసలావిడ తల వంచుకుని కండె చుడుతోంది.

"మెల్లగన్నా," అంది కోడలు, "అత్త వింటాది."